సాగర్ రోడ్డు మీదుగా నక్షత్రం దాకా

తోడు వెళ్లే మనిషి దొరక్కపోతే స్వరూపకు ఆ సాయంత్రం దక్కేది కాదు. నా ప్రయాణానికి అదొక్కటే కారణం. లేకపోతే శనివారం మధ్యాహ్నం స్కూలు వదలగానే టిఫిన్ డబ్బా, శాలువా పట్టుకుని ఊరి బయట గుట్ట మీదికి నేనెందుకు వెళ్తాను?

స్వరూప మా పక్కింటి అమ్మాయి. నిజం చెప్పాలంటే మేమే వాళ్ల పక్కకు వచ్చి చేరాం. దిల్‌సుఖ్‌నగర్‌లో మేం ఇల్లు కట్టుకున్న స్థలం అంతకు కొన్నేళ్ల ముందు వరకూ వాళ్ల నాన్న నర్సింహగారి ద్రాక్షతోట. ఎనభైల్లో ఆ వైపు తోటలన్నీ ఒకదాని వెంట ఒకటి కాలనీలైపోయాయి. మావారి బ్యాంకు బదిలీ మీద మేం రేపల్లె నుంచి వచ్చేసరికి పందిళ్ల రాతి స్తంభాలు కొన్ని ఇంకా వీధి చివర పడి ఉండేవి. నేను దగ్గర్లో ఒక స్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. నర్సింహగారు నన్ను ‘టీచరమ్మా’ అనేవారు, స్వరూప ‘అక్కా’ అనేది.

వాళ్లింట్లో పదో తరగతి దాటిన మొదటి ఆడపిల్ల స్వరూప. ఎమ్మెస్సీ ఫిజిక్స్ అయ్యాక యూనివర్సిటీలో ఖగోళశాస్త్రం పరిశోధనలో చేరింది. జంట నక్షత్రాలు ఒకదాన్నొకటి మరుగుపరుచుకున్నప్పుడు వెలుగు ఎంత తగ్గుతుందో కొలవడం ఆమెకిచ్చిన పని. ఆ పని చేస్తూ చేస్తూ ఆమెకో ప్రశ్న పుట్టింది. నక్షత్రాన్ని నక్షత్రం కప్పితే కనిపెడుతున్నాం కదా, మన గురుగ్రహమంత పెద్ద గ్రహం ఏదైనా తన నక్షత్రానికి బాగా దగ్గరగా తిరుగుతుంటే, అది అడ్డం వచ్చినప్పుడు కనిపెట్టలేమా?

వాళ్ల ప్రొఫెసర్ గారు కుదరదన్నారట. అంత పెద్ద గ్రహాలు సూర్యుడికి దూరంగా, చలిలోనే తయారవుతాయి, గురుడు ఒక్క చుట్టు తిరగడానికి పన్నెండేళ్లు పడుతుంది, అది అడ్డం వచ్చేదాకా నువ్వు కూర్చుంటావా అని అడిగారట. స్వరూప ఊరుకోలేదు. “మనం చూసింది ఒక్క సూర్యుడి సంసారమే గద సార్, లోకంల అందరి సంసారం గట్లనే ఉంటదని ఎట్ల అనుకుంటం?” అంది. ఆయన నవ్వి, చివరికి ఒక బేరం పెట్టారు. గురుడంత గ్రహం అడ్డం వస్తే వెలుగులో నూరో వంతు తగ్గుతుంది, అంటే రూపాయిలో పైసా. ముందు మన పరికరం ఆ పైసాని పట్టగలదని చూపించు, ఒక్క సాయంత్రం ఇస్తాను, మూడు గంటలపాటు వెలుగును కొలిచే గీత కదలకుండా నిలబడితే ఈ పని సాగిద్దాం, లేకపోతే మానేసి జంట నక్షత్రాలకే పరిమితమవ్వు అన్నారు.

యూనివర్సిటీ వాళ్ల టెలిస్కోపు ఉన్న వేధశాల ఇబ్రహీంపట్నం అవతల ఒక గుట్ట మీద ఉంది. ఆడపిల్ల అక్కడ రాత్రి ఉండాలంటే ఇంటి నుంచి ఎవరో ఒకరు రావాలని నియమం. స్వరూప వాళ్లమ్మకు బస్సు పడదు. నర్సింహగారికి ఆ రోజే ఏదో ప్లాట్ల వెంచర్ ఓపెనింగ్ ఉంది. నేను వెళ్తానన్నాను. ఆయన గేటు దగ్గర నిలబడి, “మీరు ఎంబడి పోతనంటే పంపుత టీచరమ్మా. గా చదువు నాకు ఎక్కదు గని, పిల్ల మాత్రం నాలుగు దినాలసంది అన్నం సక్కగ తింటలేదు” అన్నారు.

రెండు గంటలకు దిల్‌సుఖ్‌నగర్ డిపో ముందు సిటీ బస్సు ఎక్కాం. కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గర బత్తాయి లారీలు రోడ్డుకు అడ్డంగా తిరుగుతుంటే అక్కడే పావుగంట పోయింది. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో దిగాం. నాకు ఆ చౌరస్తా అంటే పుట్టింటి దారి. ఎప్పుడు వచ్చినా విజయవాడ బస్సు కోసమే వచ్చేదాన్ని. ఆ రోజు కూడా విజయవాడ బస్సు వచ్చి ఎదురుగా ఆగింది, అలవాటుగా రెండడుగులు అటే వేశాను. స్వరూప చెయ్యి పట్టి ఆపి, “అక్కా, మనది కుడిచేతి రోడ్డు” అంది.

సాగర్ రోడ్డు బస్సులో ఎడమ వైపు కిటికీ దొరికింది. వెళ్లేవాళ్లు ఎడమ వైపే కూర్చోండి, మధ్యాహ్నం ఎండ కుడి వైపు కొడుతుంది. టికెట్టు రెండు మూడు రూపాయల్లోనే. హస్తినాపురం దాటగానే రోడ్డుకు రెండు పక్కలా పొలాల్లో సున్నం కొట్టిన రాళ్లు వరసలుగా పాతి ఉన్నాయి. ప్రతి ఫర్లాంగుకీ ఒక ఆర్చి, ఆర్చి మీద ఒక నగరం పేరు, వెనక మాత్రం కంది మోళ్లు. ఇళ్లు ఇంకా రాలేదు కానీ పేర్లు ముందే వచ్చేశాయి.

మా పక్కన ఖాళీ గంప పెట్టుకుని ఒక పెద్దావిడ కూర్చుంది. మలక్‌పేటలో రేగుపండ్లు అమ్ముకుని తుర్కయంజాల్‌కు తిరిగి వెళ్తోందట. మా సంగతి అడిగింది. చుక్కను చూడ్డానికి వెళ్తున్నామని స్వరూప చెబితే ఆమె నమ్మలేదు.

“మీ ఇంటి కాడ చుక్కలు కనవడయా బిడ్డా?”

“కనవడుతుండె అవ్వా. ఇప్పుడు మా కాడ లైట్లు ఎక్కువైనయ్.”

చిన్నప్పుడు ద్రాక్ష పందిళ్ల పక్కన మంచం వేసుకుని పడుకుంటే ఆకాశం ముఖం మీదికి వచ్చినట్టుండేదని స్వరూప అప్పుడు చెప్పింది. కాలనీకి వీధి దీపాలు వచ్చిన ఏడాదే ఆమె డాబా మీద నక్షత్రాలు చూడటం మానుకుందట. ఆ దీపాల కోసం మున్సిపాలిటీ చుట్టూ తిరిగి అర్జీలు పెట్టినవాళ్లలో మావారూ ఉన్నారు. ఆ మాట చెబితే స్వరూప నవ్వేసింది. దీపాలు లేకపోతే తను కాలేజీ నుంచి చీకట్లో ఎట్ల వస్తుండె అంది.

తుర్కయంజాల్‌లో పెద్దావిడ దిగిపోయాక టిఫిన్ డబ్బా తీశాం. వాళ్లమ్మ జొన్నరొట్టెలు, వంకాయ కూర కట్టింది. స్వరూప ఒక రొట్టెను ఎత్తి పట్టుకుని దాని మధ్యలో రూపాయి బిళ్ల ఆనించింది. రొట్టె సూర్యుడైతే బిళ్ల గురుడు. “నాయినకు ఇట్లనే చూపించిన” అంది. గురుడంత గ్రహం సూర్యుడి దగ్గరికి జరిగి, బుధుడి కంటే కూడా లోపల తిరుగుతుంటే దానికి ఏడాది అంటే మన నాలుగైదు రోజులే. నాలుగైదు రోజులకోసారి అడ్డం వస్తుంది. అలాంటిదాని కోసం పన్నెండేళ్లు కూర్చోనక్కర్లేదు. ఆమె ఆ లెక్క చెబుతున్నంతసేపూ నేను ఆమె ముఖమే చూశాను. ఏడో తరగతిలో లెక్కలంటే వణికిపోయిన నాకు కూడా ఆ లెక్క అర్థమైంది.

ఇబ్రహీంపట్నంలో బస్సు మారాలి. స్టాండు పక్కన మిరపకాయ బజ్జీలు, టీ బాగుంటాయి. తర్వాతి బస్సు నాలుగున్నరకు వచ్చింది. గుట్ట కింది ఊళ్లో దిగి పొలాల గట్ల మీద పావుగంట నడిచాం. తెల్లటి గుమ్మటం దూరం నుంచే కనిపిస్తుంది, దారి అడగక్కర్లేదు. పైన టెలిస్కోపు పనులు చూసే ఖాదర్ గారు మాకోసం ఎదురుచూస్తున్నారు. యాభై దాటిన మనిషి, నెమ్మదైన మాట. నాకు గెస్టు గదిలో మంచం చూపించి, పొద్దు గూకితే చలి బాగా ఉంటుంది, శాలువా తెచ్చుకోవడం మంచిదైంది అన్నారు.

సూర్యుడు దిగాక గుమ్మటం తలుపులు తెరిచారు. ఖాదర్ గారు చక్రం తిప్పుతుంటే పైకప్పు మధ్యలో చీలిక పెద్దదై, ఆ సందులోంచి చల్లగాలి లోపలికి వచ్చింది. నేను మనిషి ఎత్తు టెలిస్కోపు ఉంటుందనుకున్నాను. అది మా ఇంటి గది పట్టనంత ఉంది. స్వరూప నిచ్చెన ఎక్కి, చున్నీ నడుముకు బిగించి కట్టుకుని, వృషభ రాశిలో మామూలు కంటికి కనిపించని ఒక నక్షత్రాన్ని వెతికి పట్టుకుంది. సూర్యుడి లాంటి నక్షత్రమట. దాని వెలుగు పరికరంలో పడి, కింద కదిలే కాగితం మీద ఒక పెన్ను గీతగా గీస్తుంది. నక్షత్రాన్ని కాసేపు, పక్కనున్న ఇంకో నక్షత్రాన్ని కాసేపు, ఖాళీ ఆకాశాన్ని కాసేపు చూడాలి. రెండో నక్షత్రం సాక్షి లాంటిది. గాలిలో తేడా వస్తే రెండింటికీ వస్తుంది, గ్రహం అడ్డం వస్తే ఒక్కదానికే వస్తుంది.

నాకు అప్పగించిన పని ఏమీ లేదు. మూలన స్టూలు మీద కూర్చుని పెన్ను వంక చూస్తున్నాను. గీత సన్నగా, బుద్ధిగా సాగుతోంది. స్వరూప భుజాలు కొంచెం కిందికి దిగాయి. అప్పటిదాకా ఆమె వాటిని ఎంత బిగబట్టుకుని ఉందో నాకు అప్పుడే తెలిసింది.

ఏడున్నర ప్రాంతంలో పెన్ను ఉలిక్కిపడినట్టు పైకి లేచింది. మళ్లీ దిగింది, మళ్లీ లేచింది. స్వరూప పరికరం అంతా చూసుకుంది, వైర్లు ముట్టి చూసింది. ఖాదర్ గారు బయటికి వెళ్లి వచ్చి, “అమ్మా, కింద లైట్లు పెట్టిన్రు” అన్నారు. నేనూ వెళ్లి చూశాను. గుట్టకు తూర్పున, రెండు కిలోమీటర్ల లోపే, పొలాల మధ్య పెద్ద షామియానా. నాలుగు ఫోకస్ లైట్లు ఆకాశంలోకి తిప్పి పెట్టారు, రోడ్డు మీద పోయేవాళ్లకు కనిపించాలని కాబోలు. జనరేటర్ చప్పుడు గుట్ట దాకా వస్తోంది. లైట్లు ఊగినప్పుడల్లా ఖాళీ ఆకాశం కూడా వెలుగుతోంది. అందులో రూపాయి ఎక్కడ, పైసా ఎక్కడ?

స్వరూప ఏడవలేదు. నిచ్చెన మెట్టు మీద కూర్చుని, “ఇంకో దినం ఇయ్యరక్కా” అంది. అంతే.

నేను వేధశాల జీపు తియ్యమని ఖాదర్ గారిని అడిగాను. అలాంటివాళ్లు మా మాట వినరమ్మా అన్నారాయన. వినకపోయినా అడిగొద్దాం అన్నాను. స్వరూపను గుమ్మటంలో ఉండి లోపల గడియ పెట్టుకోమని చెప్పి, ఇద్దరం దిగాం.

షామియానా కింద జనం బాగానే ఉన్నారు. సిటీ నుంచి వ్యాన్లలో తీసుకొచ్చినట్టున్నారు. ఆడవాళ్లు పట్టుచీరల్లో ఉన్నారు. ఒక పక్క భోజనాల డేగిశాలు, ఇంకో పక్క స్టేజీ మీద ప్లాట్ల నక్షా. మైకు పట్టుకుని మాట్లాడుతున్న మనిషి పక్కన, తెల్లటి ఖద్దరు చొక్కాలో నర్సింహగారు కూర్చుని ఉన్నారు.

ఇద్దరం ఒకరినొకరు చూసి ఆశ్చర్యపోయాం. పిల్లకు ఏమైందోనని ఆయన లేచి గబగబా వచ్చారు. ఆ గుట్ట ఇదేనని ఆయనకు తెలియదు, ఆ వెంచర్ ఇక్కడేనని నాకు తెలియదు. నేను సంగతి చెప్పాను. లైట్ల వల్ల కొలత పోతోందని, ఈ ఒక్క సాయంత్రమే ఇచ్చారని, ఇది పోతే ఆ పని ఇక లేనట్టేనని. ఆయన భాగస్వామి మధ్యలో వచ్చి, ఇంతమందిని పిలిచి చీకట్లో ఎట్ల కూసోవెడతం, అడ్వాన్సు ఇచ్చే టైముకు లైట్లు బందు జేస్తే లేచిపోతరు అని మెల్లగా అన్నాడు. అతను అన్నదీ అబద్ధం కాదు. నర్సింహగారు తోట అమ్మిన డబ్బు చాలావరకు అందులోనే పెట్టారని నాకు తెలుసు.

ఆయన గుట్ట వైపు చూశారు. మా వైపు నుంచి చూస్తే గుమ్మటం చిన్న గిన్నె బోర్లించినట్టుంది.

“గా గుమ్మటంల మా పిల్లనేనా ఉన్నది?” అని అడిగారు.

అవునన్నాను. ఎంతసేపు కావాలన్నారు. భోజనాలయ్యి జనం వెళ్లేదాకా, ఇంకో మూడు గంటలు అన్నాను. ఆయన స్టేజీ ఎక్కి మైకు తీసుకున్నారు. ఆయనకు మైకు అలవాటు లేదు, దాన్ని నోటికి మరీ దగ్గరగా పెట్టుకున్నారు.

“అందరికీ దండం. మా బిడ్డ గా గుట్ట మీద చుక్కల వెల్తురు కొలుస్తున్నది. మన లైట్ల తోని ఆమె పని ఖరాబైతున్నది. జనరేటర్ బందు జేస్తున్న. లాంతర్ల వెల్తురుల బువ్వ తినుండ్రి. ప్లాటు కావాల్నంటె రేపు పగటీలి రాండ్రి, పగటీలైతె భూమి మంచిగ కనవడతది.”

జనరేటర్ ఆగింది. ఆ చప్పుడు పోయాక గానీ అదెంత చప్పుడో తెలియలేదు. మొదట జనం గొణిగారు. రెండు మూడు కుటుంబాలు చెప్పులు వెతుక్కుని వ్యాన్ల వైపు నడిచాయి. భాగస్వామి తల పట్టుకున్నాడు. తర్వాత ఎవరో పైకి చూశారు. ఒకరు చూస్తే పక్కవారూ చూశారు. షామియానా కింద నుంచి మనుషులు ఒక్కొక్కరే ప్లాట్ల మధ్యకు వచ్చి నిలబడ్డారు. గుంటూరు వైపు యాసలో ఒకాయన భార్యకు కృత్తికలు చూపిస్తుంటే, లాంతరు పట్టుకున్న ఊరి మనిషి అది పిల్లలకోడి అన్నాడు. రెండూ ఒకటేనని తేలాక ఇద్దరూ గొల్లకావడి చుక్కల కోసం వెతుకులాటలో పడ్డారు. నర్సింహగారు నడుం మీద చేతులు పెట్టుకుని గుట్ట వైపే చూస్తూ నిలబడ్డారు. పక్కన నిలబడిన ముసలాయన అడిగితే, “మా బిడ్డనే. గంత పెద్ద దుర్బీను ఆమె ఒక్కతే నడుపుతది” అని చెప్పడం విన్నాను.

మేం తిరిగి పైకి వెళ్లేసరికి గుమ్మటంలో గీత మళ్లీ సన్నగా సాగుతోంది. ఎవరు ఆపారని స్వరూప అడిగింది. చెప్పాను. ఆమె నా వైపు తిరగలేదు, కన్ను పరికరం మీదే ఉంది. కాసేపటికి చెంప తుడుచుకుని, “అక్కా, ఇప్పుడు మాట్లాడియ్యకు. అద్దం మీద ఆవిరి వడతది” అంది. నవ్వుతూనే అంది. ఆ తర్వాత కావలసిన మూడు గంటలూ పెన్ను తడబడలేదు.

పొద్దున గెస్టు గది వరండాలో ఉప్మా తింటూ కాగితపు చుట్టను నేల మీద పరిచాం. రెండు చివర్లా రాళ్లు పెట్టాం. స్వరూప స్కేలుతో కొలిచి, కాలిక్యులేటర్ మీద లెక్క వేసి, మళ్లీ మొదటి నుంచి వేసింది. గీత ఊగిసలాట పైసాకు లోపే ఉంది. అంటే గురుడంతది అడ్డం వచ్చి ఉంటే తప్పకుండా తెలిసేది.

“మరి వచ్చిందా?” అన్నాను.

“రాలే అక్కా. ఒచ్చి ఉంటే మాత్రం నా చేతుల పడుతుండె.”

తొమ్మిదింటి బస్సుకు కిందికి దిగాం. వెళ్లేవాళ్లకు ఒక మాట, తిరుగు బస్సు ఇబ్రహీంపట్నం నుంచే నిండి వస్తుంది. మేం ఎల్‌బీ నగర్ దాకా నిలబడే వచ్చాం. స్వరూప కాగితపు చుట్టను చంటిబిడ్డలా రెండు చేతుల్లో పట్టుకుంది. కండక్టరు పక్కకు జరగమన్నప్పుడల్లా దాన్ని నా చేతిలో పెట్టేది, జనం సర్దుకోగానే మళ్లీ తీసుకునేది.

ప్రొఫెసర్ గారు మాట నిలబెట్టుకున్నారు. ఆ తర్వాత కొన్ని సీజన్లు స్వరూప ఇంకొన్ని నక్షత్రాలను అలాగే చూసింది, ఒక్కదాని ముందూ ఏదీ అడ్డం రాలేదు. చాలా ఏళ్ల తర్వాత, ఆమె కాలేజీలో పాఠాలు చెబుతున్న రోజుల్లో, ఒక పొద్దున పేపర్లో చదివాను. సూర్యుడి లాంటి ఒక నక్షత్రానికి అతి దగ్గరగా, నాలుగు రోజుల చుట్టుతో తిరిగే పెద్ద గ్రహాన్ని వేరే దేశంలో కనిపెట్టారని. ఇంకొన్నాళ్లకు అలాంటి మరో గ్రహం తన నక్షత్రానికి అడ్డం వచ్చి వెలుగు తగ్గించడం కూడా చూశారు. తగ్గింది కొంచెం అటూ ఇటూగా ఆ రూపాయిలో పైసా అంతే. పేపరు పట్టుకుని వాళ్లింటికి పరిగెత్తాను. తనకు దక్కలేదని ఆమె బాధపడుతుందేమో అనుకున్నాను. ఆమె ఆ వార్త రెండుసార్లు చదివి, “ఉన్నయక్కా” అంది. అంత సంతోషం నేను వాళ్లింట్లో పెళ్లిళ్లలో కూడా చూడలేదు. ఆడపిల్ల రాత్రి ఉండటానికి తోడు కావాలన్న రోజుల్లో, ఎవరూ లేవన్న చోట, సరిగ్గా ఎక్కడ చూడాలో ఎంత చూడాలో తెలుసుకుని చూసిన మనిషి మా వీధిలో ఉండేది. నేను ఆమెకు తోడు వెళ్లాను. ఈ ముక్క ఎవరికైనా చెప్పేటప్పుడు ఇప్పటికీ నా గొంతు కొంచెం పెద్దదవుతుంది.

ఆ ఆదివారం ఎల్‌బీ నగర్ చౌరస్తాలో దిగేసరికి పదకొండు. టీ హోటల్ ముందు బల్ల మీద నర్సింహగారు కూర్చుని ఉన్నారు. నిన్నటి ఖద్దరు చొక్కానే, బాగా నలిగింది. రాత్రి ఎన్ని ప్లాట్లు పోయాయని స్వరూప అడగబోతే చేత్తోనే వద్దన్నారు. ఏమైందో చెప్పమన్నారు. ఆమె చుట్టలో కొంత విప్పి, బల్ల మీద పరిచి గీతను చూపించింది. ఎక్కడా వంగలేదు చూడు నాయినా, రాత్రి గ్రహం అడ్డం రాలేదు అంది.

ఆయన ఆ గీత మీద వేలు పెట్టి, ముట్టకుండా, ఈ చివర నుంచి ఆ చివరకు నడిపారు. హోటల్ అతను మూడు టీలు తెచ్చి, ఏంది పటేలా ఆ కాగితం అన్నాడు.

“మా బిడ్డ జేసింది” అన్నారు నర్సింహగారు. “ఒక చుక్క కాడ గ్రహం ఉన్నదేమోనని చూసింది. లేదంట. ఆమె లేదన్నదంటె ఇగ లేనట్టే.”